‘టీకా వద్దు మేడమ్’ అన్నప్పుడు ఏం చేయాలి

ఇది ముఖ్యంగా కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన పిల్లల డాక్టర్ల కోసం, టీకా గదిలో పని చేసే నర్సుల కోసం రాస్తున్నాను. తల్లిదండ్రులు చదివినా మంచిదే, వాళ్ల కోసం చివర్లో కొంత ఉంది.

ముందు నా తప్పు చెబుతాను. ప్రాక్టీస్ మొదలుపెట్టిన రెండో ఏడు, అప్పట్లో వేరే ఊళ్లో ఒక నర్సింగ్ హోమ్‌లో చేసేదాన్ని. సోమవారం, ఓపీ కిటకిటలాడుతోంది. రెండున్నర నెలల పాప, తల్లి, వెంట అమ్మమ్మ. పాపకి ఆరు వారాల టీకాలే పడలేదు. ఎందుకు వేయించలేదంటే తల్లి తల దించుకుంది, అమ్మమ్మేమో "అల్లుడుగారు వద్దన్నారమ్మా, ఫోన్లో ఏదో చూశారట" అంది. అల్లుడికి ఫోన్ కలిపించి స్పీకర్ పెట్టించాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, బాగా చదువుకున్న మనిషి, నేను ఒకటంటే రెండు అంటున్నాడు. అయిదు నిమిషాలు ఓపిక పట్టి, ఇక పట్టలేక "మీరు డాక్టరా, నేను డాక్టరా?" అనేశాను. బయట బెంచీల మీద కూర్చున్న వాళ్లందరికీ వినిపించింది. అవతల ఫోన్లో మాట ఆగిపోయింది కాబట్టి నేనే గెలిచాననుకున్నాను. వాళ్లు ఫైలు తీసుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు.

నాలుగైదు నెలల తర్వాత ఆ అమ్మమ్మ రైతుబజార్లో కనిపించింది. పాపకి కోరింత దగ్గు వచ్చిందట, ఆ ఆరు వారాల టీకాల్లో ఒకటి ఆపే జబ్బే అది. దగ్గు తెరలు మొదలైతే ఊపిరి తిరిగేది కాదు, పెదాలు నేరేడుపండు రంగుకి మారిపోయేవి అని చెప్పింది. పదకొండు రోజులు పెద్దాసుపత్రిలో ఉండి బయటపడ్డారు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "మొదట్లో మామూలు దగ్గే కదా, మీ దగ్గరికే తెద్దామనుకున్నాం. మళ్లీ అరుస్తారేమోనని తేలేదమ్మా" అంది, బెండకాయల కొసలు విరిచి చూసుకుంటూ.

అంటే ఆ రోజు టీకా ఒక్కటే పోలేదు, ఆ తర్వాత వచ్చిన దగ్గు కూడా నా చేతికి రాకుండా పోయింది. అప్పటి నుంచి ఇలాంటి మాటలు ఎలా జరిగాయో చూసుకోవడానికి నాకు ఒకటే కొలత: వీళ్లు మళ్లీ నా గది మెట్లెక్కుతారా లేదా. ఇవాళ టీకా పడిందా అన్నది దాని తర్వాతే.

వద్దంటున్నది ఎవరు?

మన దగ్గర బిడ్డని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనిషి చేతిలో నిర్ణయం ఉండదు చాలాసార్లు. కాన్పుకి పుట్టింటికొచ్చిన అమ్మాయి మూడో నెల దాకానో అయిదో నెల దాకానో అక్కడే ఉంటుంది, ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలు మూడూ సరిగ్గా ఆ పుట్టింటి రోజుల్లోనే పడతాయి. సూది వేయించాక బిడ్డకి జ్వరం వస్తే, రాత్రంతా ఏడిస్తే, "మా మనవడికి ఏం చేయించారు" అని అవతలి నుంచి వచ్చే మాట పడాల్సింది అమ్మాయి తల్లి. అమ్మమ్మ వద్దంటోందంటే టీకా మీద నమ్మకం లేకనే అనుకోకండి, చాలాసార్లు అది వియ్యాలవారి భయం. దానికి మీరు రోగనిరోధక శక్తి గురించి పాఠం చెప్తే ఆవిడ బుద్ధిగా తల ఊపి, ఇంటికెళ్లిపోతుంది.

అందుకే "ఎందుకు వద్దు?" అని అడగడం మానేశాను. ఆ ప్రశ్న వింటేనే నిలదీసినట్టుంటుంది. "ఇంట్లో దీని గురించి ఎవరికి ఎక్కువ టెన్షన్?" అని అడుగుతాను. నాన్నకా, నాయనమ్మకా, దుబాయ్‌లో ఉన్న మేనమామకా తెలిసిపోతుంది. అప్పుడు ఆ మనిషితోనే మాట్లాడాలి, స్పీకర్ పెట్టి అందరి ముందు కాదు, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని. "నాయనమ్మగారూ, నేను పిల్లల డాక్టర్ని, మీ మనవడు బరువు బాగా పెరిగాడు, ఇవాళ మూడు సూదులు, రెండు రకాల చుక్కలు ఉన్నాయి, రాత్రికి కొంచెం జ్వరం రావచ్చు, వస్తే ఏం చేయాలో రాసిస్తున్నాను, మీ కోడలికి చెప్పాను" అంటే రెండు నిమిషాలు పడుతుంది. ఆ ఫోన్‌తో జ్వరం బాధ్యత అమ్మాయి తల్లి మీద నుంచి మీ మీదకి వస్తుంది. అది మోయడానికే మనకి ఫీజు ఇస్తున్నారు.

ఇంకోటి. నాకు ఎదురయ్యే ‘వద్దు’ల్లో ఎక్కువ భాగం నిజానికి ‘ఇవాళ వద్దు’లు. అమావాస్య అని, ముక్కు కారుతోందని, రేపు తిరుపతి ప్రయాణమని, ఎల్లుండి మరిది పెళ్లని. వీళ్లని టీకా వ్యతిరేకుల లెక్కలో వేసి వాదన పెట్టుకుంటే లేని పట్టుదల మనమే పుట్టించినవాళ్లమవుతాం. మామూలు జలుబు, కొద్దిపాటి విరేచనాలు టీకా ఆపడానికి కారణాలు కావు, అది చెప్పండి. అమావాస్య గురించి మాత్రం వాదించకండి. ఎల్లుండి రమ్మనండి, కార్డు మీద తేదీ రాయండి, సాయంత్రం రిసెప్షన్ అమ్మాయి చేత ఫోన్ చేయించండి. రెండు రోజులు ఆలస్యమైతే కొంపలేం మునగవు.

ఆలస్యమైన వాళ్లకి ఇంకో భయం కూడా ఉంటుంది, తిడతారేమోనని. నెల దాటిపోయింది కదా, మళ్లీ మొదటి నుంచి వేయాలేమో అనుకుని అసలు రావడమే మానేస్తారు. మొదటి నుంచి వేయనక్కర్లేదు, ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు. ఈ ఒక్క ముక్క పెద్ద అక్షరాల్లో రాసి గోడకి అంటించండి. పుట్టింటి నుంచి అత్తగారింటికి వెళ్లేటప్పుడు కార్డు బీరువాలో ఉండిపోవడం, తొమ్మిదో నెల తట్టు-రుబెల్లా టీకా తప్పిపోవడం ప్రతి వారం చూస్తున్నాను. కార్డుని ఫోన్లో ఫొటో తీసుకోమని చెప్పండి, వీలైతే మీ ఎదురుగానే తీయించి ఇద్దరు నాన్నమ్మ-అమ్మమ్మలకీ పంపించండి.

మొదటి మాట ఎలా ఉండాలి

2013లో అమెరికాలో పిల్లల డాక్టర్లకీ తల్లిదండ్రులకీ మధ్య జరిగిన 111 సంభాషణలు వీడియో తీసి పరిశీలించిన అధ్యయనం ఒకటి వచ్చింది. డాక్టర్ "ఇవాళ ఈ టీకాలు ఉన్నాయి" అని మొదలుపెట్టినప్పుడు దాదాపు నాలుగింట మూడు వంతుల మంది సరేనన్నారు. "టీకాల సంగతి ఏం చేద్దామనుకుంటున్నారు?" అని మొదలుపెడితే 83 శాతం మంది అడ్డు చెప్పారు. మొదట అడ్డు చెప్పినా డాక్టర్ తన మాట మీద నిలబడినప్పుడు వాళ్లలో దాదాపు సగం మంది ఒప్పుకున్నారు. మన ఓపీలో కూడా ఇది అక్షరాలా ఇలాగే ఉంటుంది. "వేయమంటారా?" అని అడిగామంటే అవతలివాళ్లకి ‘ఇందులో ఆలోచించాల్సింది ఏదో ఉందన్నమాట’ అనిపిస్తుంది.

కానీ దీన్ని నెపంగా పెట్టుకుని గబగబా సూది పొడిచేసే వాళ్లు ఉన్నారు, అది ఇంకా పెద్ద తప్పు. ఒక్కో టీకా పేరు, అది దేనికో చెప్పి, ఆగండి. నిజంగా ఆగండి. కంప్యూటర్ వైపు తిరగకుండా, సిరంజి చింపకుండా, వాళ్ల మొహం చూస్తూ నాలుగు సెకన్లు. తల్లి నోరు తెరవబోయి మూసుకుందంటే అక్కడ ఏదో ఉంది. "చెప్పండమ్మా" అనండి. చెప్పాక "ఇంకేమైనా ఉందా?" అని అడగండి, దానికీ జవాబు చెప్పాక ఇంకోసారి అడగండి. అసలు విషయం ఎప్పుడూ మూడోసారి అడిగినప్పుడే బయటికొస్తుంది. "మా ఆడపడుచు కొడుకుకి సూది వేయించాక ఫిట్స్ వచ్చాయి మేడమ్", ఇదీ అసలు సంగతి. అంతకుముందు చెప్పినవన్నీ వాట్సాప్ నుంచి ఏరుకొచ్చినవి.

వాళ్ల భయాలకి కారణాలున్నాయి, అవి మీరు తెలుసుకుని ఉండాలి

మూఢనమ్మకం అని కొట్టిపారేయడం తేలిక. నేను పని చేసేది ఖమ్మం వైపు. ఇక్కడ 2009లో ఒక అమెరికా సంస్థ, కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. తర్వాత కొందరు బాలికలు చనిపోయారు, గొడవ పెద్దదై 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగిపోయింది. విచారణలో ఆ మరణాలకి టీకా కారణం కాదని తేలింది. కానీ అదే విచారణలో ఇంకోటి కూడా బయటపడింది. చాలామంది పిల్లల అనుమతి పత్రాల మీద సంతకాలు తల్లిదండ్రులవి కావు, హాస్టల్ వార్డెన్లవి, హెడ్మాస్టర్లవి. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇప్పుడు చెప్పండి, ఆ పల్లెల్లో ఒక తండ్రి "మాకు చెప్పకుండా పిల్లలకి సూదులు వేస్తారు" అంటే అది పుకారా? టీకా ప్రాణం తీసిందన్నది తప్పు, చెప్పకుండా వేశారన్నది నిజం. మనం రెండూ కలిపి కొట్టిపారేస్తే ఆయనకి తెలిసిన నిజాన్ని కూడా కాదన్నట్టే, ఇక మిగతా మాట వినడు. "అవును, అక్కడ మిమ్మల్ని అడగకుండా చేయడం తప్పే, అందుకే నేను ముందు మిమ్మల్ని అడుగుతున్నాను" అని చెప్పి చూడండి, ఆయన కుర్చీలో కూర్చునే తీరే మారిపోతుంది.

2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లిలో జరిగిందీ అంతే. టీకాలు వేసి, జ్వరానికి పారాసిటమాల్ ఇవ్వాల్సిన చోట ట్రమడాల్ అనే ఘాటైన నొప్పి మాత్రలు ఇచ్చారు. పసిప్రాణం పోయింది, చాలామంది పిల్లలు ఆసుపత్రి పాలయ్యారు. టీవీల్లో రోజంతా ‘టీకా వికటించి’ అనే వచ్చింది. టీకాలో లోపం లేదు, మాత్రలో జరిగింది పొరపాటు. కానీ ఆ బిడ్డల తల్లులకి ఆ తేడాతో ఏం పని? ఆ సంగతి ఎత్తిన వాళ్లకి నేను వాదన చెప్పను. సీసా చేతికిచ్చి పేరు, గడువు తేదీ చదవమంటాను, సిరంజి కవరు వాళ్ల ఎదురుగానే చింపుతాను, ఇంటికిచ్చే మందు ఏదో వాళ్ల చేతే పైకి చదివిస్తాను. చదవడం రాకపోతే వెంట వచ్చిన వాళ్లని పిలుస్తాను. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది.

ఇక ఆటిజం. ఇది పల్లెల కన్నా గేటెడ్ కమ్యూనిటీల నుంచి ఎక్కువ వస్తుంది. దీని పుట్టుపూర్వోత్తరాలు క్లుప్తంగా: 1998లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టర్ 12 మంది పిల్లలని చూసి, ఎంఎంఆర్ టీకాకీ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకి వేసేది) ఆటిజానికీ సంబంధం ఉందనిపించేలా లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక వ్యాసం వేశాడు, 2010లో పత్రిక దాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడు ఆయన డాక్టర్ రిజిస్ట్రేషన్ కూడా పోయింది. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లలని చూసి ఎంఎంఆర్ టీకా వల్ల ఆటిజం పెరగదని తేల్చారు. ఇది చెప్పండి కానీ దీనితోనే పని అవుతుందనుకోకండి. తల్లిదండ్రులు కళ్లారా చూసేది వేరు: ఏడాదిన్నరకి బూస్టర్ వేయించాం, పిల్లాడు ఆ తర్వాతే మాటలు మానేశాడు. మన తెలుగులో దీనికి మంచి మాటే ఉంది కదా, కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది. ఆటిజం లక్షణాలు తల్లిదండ్రుల కంటపడే వయసు, బూస్టర్ వేసే వయసు దాదాపు ఒకటే. పండు ఎప్పుడో పండి ఉంది, కాకి అప్పుడే వాలింది అంటే పెద్దవాళ్లకి చప్పున అర్థమవుతుంది, చదువుకున్నవాళ్లు కూడా నవ్వి కాస్త మెత్తబడతారు.

"ఇదంతా విదేశీ కంపెనీల కుట్ర" అనే వాళ్లకి నేను హైదరాబాద్ కథ చెబుతాను. హెపటైటిస్-బి టీకాని 1997లో దేశంలోనే మొదట ఆధునిక జన్యు పద్ధతిలో తయారుచేసింది హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్, స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు పెట్టింది వాళ్ల అమ్మగారి పేరు. తర్వాత దాన్ని విదేశీ కంపెనీ కొన్న మాట నిజమే, అదీ దాచను. రోటా వైరస్ చుక్కల్లో ఒక రకం తయారయ్యేదీ హైదరాబాద్‌లోనే. కుట్ర అనేవాళ్లందరూ దీనితో మారతారని కాదు, కానీ షామీర్‌పేట దాటి వెళ్తూ ఆ ఫ్యాక్టరీ బోర్డులు చూసిన వాళ్లు కొంచెం ఆలోచనలో పడతారు.

డబ్బు అనుమానం వేరు, దాన్ని మనమే తెచ్చుకున్నాం. సర్కారు దవాఖానాలో అయిదు జబ్బులకి ఒకే సూదిగా ఉచితంగా వేసే పెంటావాలెంట్ ఉండగా మన దగ్గర ‘నొప్పి లేని టీకా’ అని వేలల్లో బిల్లు వేసి, "ప్రభుత్వం టీకా అంత మంచిది కాదు" అనే అర్థం వచ్చేలా నవ్వడం, ఇది చేయనివాళ్లు చేతులెత్తండి. ఆ టీకాతో జ్వరం, వాపు తక్కువ ఉంటాయి, అంతే. ఉచిత టీకా రక్షణలో తీసిపోదు. డబ్బు దగ్గర తటపటాయించే తండ్రికి "బుధవారం, శనివారం మీ సెంటర్లో ఏఎన్ఎం వేస్తుంది, అక్కడ వేయించి కార్డు నాకు చూపించండి" అని చెబితే ఆ టీకా బిల్లు పోతుంది, కానీ ఆ కుటుంబం పదిహేనేళ్లు మీ దగ్గరికే వస్తుంది.

భయపెట్టకండి

తట్టు వచ్చి కళ్లు పోయిన పిల్లల ఫొటోలు ఫోన్లో పెట్టుకుని చూపించే అలవాటు నాకూ ఉండేది. 2014లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో జబ్బు పిల్లల ఫొటోలు చూపించినా, భయంకరమైన కథ చదివించినా టీకా వేయించే ఉద్దేశం పెరగలేదు, పైగా టీకాల మీద అనుమానాలే పెరిగాయి. భయంలో ఉన్న మనిషికి ఇంకో భయం చూపిస్తే ఏ భయం ఎటు వెళ్తుందో చెప్పలేం.

నేను ఇప్పుడు చేసేది వేరే. అమ్మమ్మనో నాయనమ్మనో అడుగుతాను: "పెద్దమ్మా, మీ చిన్నప్పుడు ఊళ్లో కాలు పడిపోయిన వాళ్లు ఉండేవారా?" ఉండేవారు, పేరుతో సహా చెబుతుంది. పురిట్లో ధనుర్వాతంతో పోయిన తన తమ్ముడి గురించి చెబుతుంది. "ఇప్పుడు అలాంటి పిల్లలు కనబడుతున్నారా?" అంటే ఆగి, లేరంటుంది. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న హౌరాలో వచ్చింది, 2014 మార్చిలో మనకి పోలియో లేదని సర్టిఫికెట్ వచ్చింది అని అప్పుడు నేను ఒక వాక్యం కలుపుతాను. డాక్టర్ నోటి నుంచి వచ్చిన కథ బెదిరింపులా వినిపిస్తుంది, అదే కథ అత్తగారి నోటి నుంచి వస్తే కోడలు తల తిప్పి వింటుంది. ఈ జబ్బులు పూర్తిగా పోలేదని మాత్రం దాచకండి. డిఫ్తీరియా, అదే కంఠసర్పి, నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి ఇప్పటికీ వస్తూనే ఉంటుంది. 2022 చివర్లో ముంబై బస్తీల్లో తట్టు వచ్చి పిల్లలు చనిపోయారు.

వాట్సాప్ వీడియో చూపిస్తే "ఇవన్నీ నమ్ముతారా" అని ఫోన్ పక్కన పెట్టేయకండి. కలిసి చూడండి, అంతా కాదు, ఒక నిమిషం. 2017లో తట్టు-రుబెల్లా టీకాలు బడుల్లో వేసినప్పుడు ఇలాంటివి ఊరూరా తిరిగాయి. చూశాక "ఇందులో మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది ఏది?" అని అడగండి. వీడియో మొత్తానికి జవాబు ఇవ్వనక్కర్లేదు, ఆ ఒక్క ముక్కకి ఇస్తే చాలు.

సూది గదిలో

చాలా గొడవలు మాటల దగ్గర కాదు, ఇక్కడ పుడతాయి. ఆరు వారాలప్పుడు బిడ్డ గుక్కపట్టి ఏడ్చిన ఏడుపు తల్లికి పదో వారానికి కూడా గుర్తుంటుంది. బిడ్డని బల్ల మీద పడుకోబెట్టి ఇద్దరు నొక్కిపట్టడం మానేయండి, తల్లి ఒళ్లోనే ఉంచండి, పాలు పట్టిస్తూ వేయండి. ముందు నోటి చుక్కలు, తర్వాత సూదులు, అన్నిటికన్నా నొప్పి ఎక్కువ ఉండేది ఆఖరికి. పొడిచాక పిస్టన్ వెనక్కి లాగి చూడాల్సిన పని లేదు, దానివల్ల నొప్పే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో ఇదే చెప్పింది. అరగంట కూర్చోబెట్టండి. ఎందుకు కూర్చోబెడుతున్నారో చెప్పండి, లేకపోతే బిల్లు కోసం అనుకుంటారు: తీవ్రమైన ఎలర్జీ పది లక్షల డోసుల్లో ఒకటి రెండింటికి రావచ్చు, వస్తే ఎక్కువగా ఈ కాసేపట్లోనే వస్తుంది, దానికి మందు ఇదిగో ఈ డబ్బాలో ఉంది. అలా చెబితే భయపడతారని నేను మొదట్లో అనుకున్నాను. దాచలేదన్న నమ్మకమే ఎక్కువ కలిగింది.

ఇంటికి పంపే ముందు, రాబోయేది ముందే చెప్పడం అన్నిటికన్నా ముఖ్యం. చెప్పకుండా వచ్చిన జ్వరం ‘టీకా వికటించడం’ అవుతుంది, చెప్పాక వస్తే "మేడమ్ చెప్పారుగా" అంటారు. పెంటావాలెంట్‌కి ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ వాపు, చిరాకు. తట్టు-రుబెల్లాకి ఆ రోజు ఏమీ ఉండదు, వారం పది రోజులకి కొందరికి జ్వరం, ఒళ్లంతా చిన్న దద్దుర్లు. క్షయకి వేసే బీసీజీకి రెండు మూడు వారాల తర్వాత భుజం మీద చిన్న గడ్డ లేచి, చితికి, మచ్చ పడుతుంది, దానికి పసుపు, సున్నం, ఆయింట్‌మెంట్ ఏమీ వద్దు. సూది వేసిన తొడ మీద నూనె మర్దన వద్దని కూడా చెప్పండి, మంత్రసానమ్మ మర్నాడే వచ్చి ఆ తొడనే పిసుకుతుంది.

జ్వరం మందు విషయంలో ఒక హెచ్చరిక. పారాసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది, మామూలు సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకి 125. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు ఘాటు. ఇంట్లో పెద్దవాడి సిరప్ మూతతో చిన్నదానికి చుక్కల మందు పోసిన ఇళ్లు చూశాను. సీసా మీదే స్కెచ్ పెన్‌తో గీత గీసి ఇవ్వండి. ఫలానా ఉంటే రాత్రి రెండింటికైనా తీసుకురండి అన్నవి మూడే చెప్పండి: ఫిట్స్, మగతగా పడి లేవకపోవడం, మూడు గంటలు ఆపకుండా ఏడవడం. అలాంటిదేదైనా వస్తే జిల్లా ఇమ్యునైజేషన్ ఆఫీసర్‌కి తెలియజేయడం ప్రైవేటు డాక్టర్ల పని కూడా. దాచిపెట్టింది ఆ తర్వాత ఊరంతా కథై తిరుగుతుంది.

అన్నీ చేసినా వద్దంటే

కొందరు అంటారు. బలవంతం చేసే హక్కు మనకి లేదు. కోవిడ్ టీకాల మీద పిల్లల డాక్టరే అయిన జేకబ్ పులియెల్ వేసిన కేసులో 2022 మే 2న సుప్రీంకోర్టు ఎవరికీ బలవంతంగా టీకా వేయకూడదని చెప్పింది. బెదిరించి సంతకం పెట్టించుకునే కాగితం కన్నా, కేసు షీట్‌లో ఏం చెప్పారో, వాళ్లేమన్నారో, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారో రాసుకోవడం నయం. "సరే, ఇవాళ వద్దు. మీ బిడ్డ మీద మీకున్న ప్రేమ నాకు కనబడుతోంది. నా సలహా మాత్రం మారదు, వచ్చినప్పుడల్లా ఇదే అడుగుతాను, విసుక్కోకండి" అని నవ్వుతూ చెప్పండి. టీకా వేయించకపోతే మా దగ్గరికి రావద్దు అనే పద్ధతి అమెరికాలో కొన్ని క్లినిక్‌లలో ఉంది, అక్కడి పిల్లల వైద్యుల సంఘం 2016లో దాన్ని ఒప్పుకోదగ్గ మార్గమేనంది కూడా. డాలస్ వైపున్న మన తెలుగువాళ్లు కొందరు దీనివల్ల డాక్టర్‌ని మార్చుకోవాల్సి వచ్చిందని నాకు మెసేజ్ పెడుతుంటారు. వెయిటింగ్ రూంలో నెలల పిల్లలు ఉంటారు కాబట్టి వాళ్ల వాదనలో న్యాయం లేకపోలేదు. కానీ మా ఊళ్లో నేను పంపించేస్తే ఆ బిడ్డ వెళ్లేది ఇంకో పిల్లల డాక్టర్ దగ్గరికి కాదు, ఆర్ఎంపీ దగ్గరికి. కాబట్టి నేను పంపను. జ్వరం, దద్దుర్లతో వస్తే మాత్రం వెనక గేటు నుంచి రమ్మంటాను.

పట్టు విడవని చోట్లు కూడా ఉన్నాయి, అక్కడ ఈ మెత్తదనం పనికిరాదు. కుక్క కరిచిన బిడ్డ: సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, టీకా ఇవాళే, ఆకు పసరు తర్వాత ఎప్పుడైనా. రేబిస్ లక్షణాలు వచ్చాక బతికించడం దాదాపు ఎవరి వల్లా కాదు. తల్లికి హెపటైటిస్-బి ఉంటే, పుట్టిన పన్నెండు గంటల్లోపు బిడ్డకి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే వెంటనే రక్షణ ఇచ్చే ఇంకో సూది. మట్టి చేరిన లోతైన గాయానికి ధనుర్వాతం టీకా. ఇలాంటప్పుడు నేను ఫోన్లు చేస్తాను, ఊరి సర్పంచ్‌నో, నమాజ్ చదివించే పెద్దాయననో, పాస్టర్‌నో పిలిపిస్తాను, తలుపు దగ్గర అడ్డంగా కూడా నిలబడ్డాను ఒకసారి. మిగతా రోజుల్లో అరవకుండా ఉంటేనే ఈ రోజు గొంతు పెంచితే వింటారు.

అమ్మానాన్నలకి

మీ డాక్టర్ విసుక్కుంటే అది చాలావరకు మీ మీద కాదు, బయట ఉన్న నలభై నంబర్ల మీద. "ఈ టీకా గురించి రెండు ప్రశ్నలున్నాయి, ఇప్పుడు వీలుకాకపోతే ఎప్పుడు రమ్మంటారు?" అని అడగండి, రద్దీ లేని సమయం చెబుతారు. ప్రశ్నలు కాగితం మీద రాసుకు రండి. దేనికి, వేయించకపోతే ఏమవుతుంది, వేయించాక ఏం రావచ్చు, ఉచితంగా ఎక్కడ దొరుకుతుంది, ఈ నాలుగూ అడిగే హక్కు మీకుంది. నిర్ణయం నాన్నదైతే నాన్ననే తీసుకురండి, ఫోన్లో సగం మాటలు పోతాయి. కార్డు మరిచిపోవద్దు. "వేయించాం" అని అబద్ధం మాత్రం చెప్పకండి. బిడ్డకి జ్వరం, దగ్గు వచ్చినప్పుడు మేం ఏ జబ్బు గురించి ఆలోచించాలో ఆ కార్డు చూసే తేల్చుకుంటాం.

పోయిన ఏడాది ఒక నాయనమ్మ ఉండేది. మనవణ్ణి నెలనెలా తెచ్చేది, బరువు చూపించుకుని వెళ్లేది, టీకా మాట ఎత్తితే "తర్వాత చూద్దాంలే అమ్మా" అనేది. ఆవిడ పెద్దకూతురి బిడ్డ చిన్నప్పుడు సూది వేసిన రాత్రే పోయిందని ఆరోసారికి గానీ చెప్పలేదు. కాకి కథ ఆవిడకి చెప్పాలనిపించలేదు, ఆ బిడ్డ పేరు అడిగాను, కాసేపు ఆ బిడ్డ గురించే మాట్లాడుకున్నాం. పై నెల వచ్చి, బరువు తూయించి, చీర కొంగు సర్దుకుంటూ "ఇవాళ వెయ్యమ్మా, కానీ ఒక్కటే" అంది. ఆ రోజు మూడు వేయాల్సి ఉంది, అన్నీ ఒకేరోజు వేయడమే పద్ధతి, విడదీస్తే బిడ్డ మళ్లీ మళ్లీ ఏడవాలి. అదీ చెప్పాను. అయినా ఒక్కటే అంది. ఒక్కటే వేశాను, మిగతావాటి తేదీ కార్డు మీద రాసిచ్చాను.